తీతువ గుడ్లు జరిపిన ఏడు

ఇప్పుడు నన్ను చూసినవాళ్లు "ఎంత నెమ్మదస్తురాలమ్మా" అంటారు. వాళ్లకేం తెలుసు! పద్దెనిమిదేళ్ల వయసులో నేనొక పిట్ట చేత అబద్ధం ఆడించాను. పదిమంది ఆడవాళ్లు దాన్ని నమ్మారు. తర్వాత నా నోటితో నేనే నిజం చెబితే ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

నేను పుట్టి పెరిగింది నిజామాబాదు బజారులో. మా బాపుకు పొగాకు, తునికాకు అమ్మే చిన్న దుకాణం ఉండేది. నన్ను కందకుర్తి దగ్గర ఒక పల్లెకు, పసుపూ వరీ పండించే ఇంటికి ఇచ్చారు. గోదావరిలో మంజీర వచ్చి కలిసే చోటు అక్కడికి దగ్గరే. ఊరు మంచిదే, నా మొగుడూ మంచివాడే. ఇల్లే నా పాలిటికి జైలు. ముందరి అరుగు మీద మగపెద్దలు కూర్చుంటారు కాబట్టి కోడలు పెరటి దర్వాజలోంచే రావాలి, పోవాలి. నెత్తి మీది కొంగు జారకూడదు. నవ్వితే పళ్లు కనబడకూడదు. నాకేమో పుట్టుకతోనే ముందు పళ్లు కాస్త ఎత్తు, నోరు మూసుకున్నా కనబడతాయి. ఇంకేం చేయను?

ఆ జైలు నుంచి నాకు ఏడాదికి ఐదారు నెలలు విడుదల దొరికేది. దీపావళి దాటి నది తగ్గేసరికి రెండు పాయల నడుమ ఒక పెద్ద ఇసుక తిప్ప పైకి తేలేది. ఊరి ఆడవాళ్లు పుట్టి పడవలో అవతలికి దాటి, అక్కడ జమ్ము గుడిసెలు వేసుకుని, తర్బూజ, కర్బూజ, దోస పాదులు పెట్టేవారు. మోకాలి లోతు గుంత తవ్వితే అడుగున తడి ఇసుక తగులుతుంది. అందులో మేక ఎరువు పోసి గింజలు నాటాలి. ఎండాకాలం గాలికి ఇసుక కొట్టుకొచ్చి తీగలను పూడ్చేస్తుంది కాబట్టి పడమటి వైపు జమ్ముతో దడి కట్టాలి. మగవాళ్లు కాయలు బండ్లకు ఎత్తడానికే వచ్చేవారు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ లేస్తున్న రోజులవి. అక్కడ ఎండలో పనిచేసే జనం మా కాయలు ఎన్ని పంపినా తినేసేవారు.

తిప్ప మీద అరుగు లేదు, అరుగు మీద పెద్దలు లేరు. కొంగు నడుముకు చుట్టేసి, చీర మోకాళ్ల దాకా ఎగదోపి తిరిగేదాన్ని. నా పళ్లు గోదావరికీ కనబడేవి, మంజీరకూ కనబడేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

పొద్దున్నే లేచి చూస్తే ఇసుక నిండా అడుగులు. రాత్రి ఎవరెవరు వచ్చిపోయారో అన్నీ రాసి ఉండేది. నక్క నేరుగా పండిన కాయ దగ్గరికే వచ్చేది, పచ్చికాయను మూతితో కూడా ముట్టేది కాదు. మా ఊళ్లో సగం మంది మగవాళ్లకు పండిన తర్బూజను పట్టుకోవడం రాదు, నక్కకు మాత్రం ఎవరు నేర్పారో! తాబేలు నీళ్లలోంచి పైకి వచ్చి, గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి పోయిన దారి రెండు వరసలుగా కనబడేది. నీటికుక్కలు చేప తిని తలకాయలు వదిలేసి పోయేవి. అవతలి ఒడ్డున ఒక ముసలి మొసలి ఉండేది. పొద్దెక్కగానే వచ్చి నోరు తెరిచి పడుకుంటే సాయంత్రం దాకా కదిలేది కాదు. నేను దానికి దండం పెట్టి, ఇవతలి మంజీర పాయలో ఈత నేర్చుకునేదాన్ని. ఆ ఏడు సరిగ్గా సగం ఈత వచ్చింది. తేలడం వచ్చింది, ముందుకు పోవడం రాలేదు.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. మామ పోయి అప్పటికి పదేళ్లు. భూమి, పశువులు, పెత్తనం అన్నీ ఆమె మరిది చేతుల్లో ఉండేవి. ఆ ఇంట్లో మా అత్త మాటకు ఉప్పు డబ్బా కూడా అక్కణ్నుంచి ఇక్కడికి జరిగేది కాదు. ఆమె ఏరాలు, అంటే మా చిన్నత్త, అన్నం వడ్డించేటప్పుడు కూడా ఈమె ముఖం చూసేది కాదు. కానీ తిప్ప మీద మా అత్త మాటే మాట. ఎందుకంటే ఆమెకు తీతువను చదవడం వచ్చు.

తీతువ గూడు కట్టదు. ఇసుకలో కాలితో చిన్న గుంట చేసి, నాలుగు గులకరాళ్లు పేర్చి, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న నాలుగు గుడ్లు పెడుతుంది. రానున్న నీళ్ల సంగతి దానికి ముందే తెలుస్తుందని మావాళ్ల నమ్మకం. తిప్ప నెత్తి మీద పెడితే నీళ్లు తొందరగా వస్తాయి, వైశాఖ పున్నమికల్లా కాయలు కోసుకుని వెళ్లిపోవాలి. నీటి పక్కన అడుగున పెడితే నీళ్లు ఆలస్యం, మిరుగు, అంటే మృగశిర కార్తె దాకా ఉండొచ్చు. చైత్ర పున్నమి తెల్లారి మా అత్త ఒక్కతే పోయి, గుడ్లకు దూరం నుంచే చిటికెడు పసుపు చల్లి, చూసి వచ్చి చెప్పేది. అందరూ అలాగే చేసేవారు, చిన్నత్తతో సహా. ఏడాది మొత్తం మీద అత్త తల ఎత్తుకుని నిలబడే రోజు అదొక్కటే.

ఆ ఏడు పున్నమికి ఇంకా పన్నెండు రోజులుందనగా గుడ్లు నా కళ్లబడ్డాయి. ఎక్కడ? సరిగ్గా తిప్ప నెత్తి మీద! అంటే వైశాఖ పున్నమికే మూట ముల్లె. మళ్లీ పెరటి దర్వాజ, మళ్లీ కొంగు, మళ్లీ నోటికి తాళం. ఈత సగంలోనే ఆగిపోతుంది. ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల ఎక్కువ దొరికితే చాలనిపించింది. పిట్టకేం పోయింది, కాస్త కిందికి పెడితే?

పెట్టలేదు కాబట్టి నేనే పెట్టాను.

ఒక్కసారే అంత దూరం జరిపితే పిట్ట వదిలేసి పోతుందని నాకు తెలుసు. అందుకే పొద్దున రెండు మూరలు, సాయంత్రం రెండు మూరలు. ముందు కొత్త గుంట చేయాలి, గులకరాళ్లు మోయాలి, తర్వాత గుడ్లను కొంగులో ఎత్తి, సన్నటి కొనలు నాలుగూ లోపలికి వచ్చేట్టు పేర్చాలి. నా పెళ్లిలో కూడా అంత శ్రద్ధగా కూర్చోలేదు నేను. తీతువ ఊరుకుంటుందా? మొగుడూ పెళ్లాలు రెండూ నా నెత్తి మీద తిరుగుతూ, మూడు ఊళ్లకు వినబడేట్టు అరిచేవి. ఒకసారి రెక్కతో చెంప మీద కొట్టింది చూడండీ, కళ్లలో నిప్పులు రాలాయి. అరుద్దామంటే అటు గుడిసెలో అత్త ఉంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని గుడ్లు పేర్చి వచ్చాను.

"ఏందే, తీతువ గంతగనం మొత్తుకుంటున్నది?" అని అడిగింది అత్త.

"నక్క తిరుగుతున్నదేమో అత్తా," అన్నాను.

"పొద్దు పొద్దున నక్కనా?"

"గీ నక్కకు పొద్దూ మాపూ లేదు."

ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. ఆ పిట్టకు నా మీద ఎంత కోపమున్నా గుడ్లను మాత్రం వదల్లేదు. నేను అవతలికి పోగానే పాత చోటికి వచ్చి, అటూ ఇటూ చూసి, నాలుగు తిట్లు తిట్టి, కొత్త గుంటలోకి దిగి కూర్చునేది. పన్నెండు రోజుల్లో దగ్గర దగ్గర యాభై మూరల కిందికి, నీటి పక్కకు తెచ్చాను.

పున్నమి తెల్లారి అత్త స్నానం చేసి, పసుపు పొట్లం పట్టుకుని పోయింది. అందరం పుట్టి దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఆమె నింపాదిగా నడిచి వచ్చింది.

"అడుగున పెట్టింది. నీళ్లు జల్ది రావు. మిరుగు దాక కదిలే పని లేదు," అంది.

చిన్నత్త వెంటనే, "మంచి మాట చెప్పినవక్కా! ఎండ ముదిరితే కాయకు గిరాకీ," అని నవ్వింది. చిన్నత్త అత్తతో నవ్వుతూ మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి. అత్త ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను. సిగ్గు లేకపోతే సరి!

ఆ నెల నా జీవితంలో మళ్లీ రాలేదు. వైశాఖం ఎండకు మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. గుడిసెలో పడుకుని దోసకాయలు కొరుకుతూ, పడమటి గాలికి ఇసుక బుసబుసమని నడిచే చప్పుడు వినేవాళ్లం. తీతువ పిల్లలు పుట్టాయి. అగ్గిపుల్లల్లాంటి కాళ్లేసుకుని పుట్టిన రోజే పరుగెత్తాయి. తాబేలు పిల్లలు ఇసుకలోంచి గుప్పెడు గుప్పెడు పైకి తేలి నీళ్లకేసి పాకుతుంటే, కాకులను తోలుతూ నేను వెంట పోయేదాన్ని. రెండో కాపు తర్బూజలు ఒక్కొక్కటి ఒక్కరు ఎత్తలేనంత ఊరాయి. నా ఈత కూడా పూర్తయింది.

రోహిణి కార్తె మొదట్లో ఒక తెల్లవారుజామున మేక అరుపుకు లేచాను. గుడిసె బయట మేక కట్టేసిన గుంజ నీళ్లలో ఉంది. మా మీద ఒక్క చినుకు పడలేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడో పైన, పడమట కురిసిన వాన గోదావరి పాయలో ఎర్రగా నురగలు కక్కుతూ దిగుతోంది. ఇవతల మంజీర ఇంకా తేటగానే ఉంది. చూస్తుండగానే ఆ ఎరుపు ఈ తేటలోకి ఎక్కింది.

"లేవుండ్రే! నీళ్లు! నీళ్లు!" అని అరిచాను.

తర్వాతిదంతా పరుగే. రెండు పుట్లు, పదకొండు మంది ఆడవాళ్లు, మూడు మేకలు, కుండలు, చాపలు. కాయల మాట ఎవరికీ గుర్తు లేదు. ప్రాణాలన్నీ ఒడ్డుకు చేరాక వెనక్కి తిరిగి చూశాం. మా తర్బూజలు తీగల నుంచి తెగి ఒకదాని వెనక ఒకటి తీరుబడిగా తేలుతూ పోతున్నాయి. తిప్ప నెత్తి మీద పిడికెడు ఇసుక మిగిలింది. దాని మీద నక్క ఒక్కటే నిలబడి, పోతున్న కాయలను చూస్తోంది. ఇంకో రోజైతే నాకు నవ్వు ఆగేది కాదు. ఆ రోజు నవ్వు రాలేదు.

చిన్నత్త నోరు విప్పింది. "ఓ అక్కా! నీ తీతువ నోట్లె మన్ను పడ! ఎంత పని చేసె! నువ్వు కండ్లు ఏడ పెట్టుకోని సూసినవ్‌? అడుగున పెట్టిందంటివి, మిరుగు దాక అంటివి, మమ్ముల ముంచితివి గద!"

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. కాయలు పోతున్నప్పుడు చలించని మా అత్తకు ఏరాలి మాటతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తడిసిన చీరతో గడ్డి మీద కూలబడింది.

"పిట్ట తప్పు చెప్పదు," అంది మెల్లగా. "నా కండ్లే పోయినట్టున్నయ్‌. ఇగ నన్ను అడుగకుండ్రి."

ఆ మాట నాకు కత్తిలా దిగింది. నెల రోజుల ఈతకు నేను ఆమెకున్న ఒకే ఒక్క గౌరవాన్ని అమ్మేశాను. ఇంక ఆగలేకపోయాను.

"అత్త కండ్లకు ఏం కాలేదు! పిట్ట పైననే పెట్టింది. నేనే రోజింత కిందికి జరిపిన! నేనే!"

అందరూ నా వైపు తిరిగారు. తిడతారని, కొడతారని కళ్లు మూసుకున్నాను. ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది.

"సూసిండ్రా, అత్త మీద మాట పడనియ్యక మీదేసుకుంటున్నది! గిసొంటి కోడలు ఎవలకు దొరుకుతది?"

"నిజమే చెప్తున్న! ఒట్టు! కొంగుల పెట్టుకోని జరిపిన!"

"పిచ్చి పిల్లా, మనిషి చెయ్యి తగిలిన గుడ్ల మీద పిట్ట మల్ల కూసుంటదా? ఇడిసిపెట్టి పోతది. గామాత్రం మాకు తెల్వదా?"

తెలియదమ్మా, మీకు తెలియదు! ఆ తీతువ నన్ను పన్నెండు రోజులు తిట్టి కూడా పోలేదు! ఎంత మొత్తుకున్నా వినేవాళ్లే లేరు. చిన్నత్త కూడా కళ్లొత్తుకుని, "ఏమన్న గానీ, బంగారమసొంటి పిల్ల," అంది. చివరికి అత్తే నా చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఊకో బిడ్డా. నా కోసం అబద్ధమాడకు," అంది.

ఆ రోజు నుంచి ఊళ్లో నేను మంచి కోడలిని. బావి దగ్గర నన్ను చూపించి తమ కోడళ్లను తిట్టేవారు. అత్త మాత్రం మనిషి మారిపోయింది. బియ్యంలో రాళ్లు ఏరమంటే నా చేతికే చాట ఇచ్చేది, "నాకు కనబడయ్‌ బిడ్డా" అనేది. నేను చూస్తూనే ఉన్నాను, పైకప్పు మీద సాలీడు పాకినా ఆమెకు కనబడుతుంది. కనబడినా తన కళ్లను తానే నమ్మడం మానేసింది. మళ్లీ రెండుసార్లు నిజం చెప్పి చూశాను. రెండుసార్లూ తల నిమిరి, బెల్లం ముక్క పెట్టింది. బెల్లం అంత చేదుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు తిప్ప కొత్త ఆకారంలో తేలింది. అత్త రానంది. "నేనొచ్చి ఏం చెయ్యాలె?" అని ఇంట్లోనే ఉండిపోయింది. చైత్ర పున్నమి తెల్లారి చిన్నత్త నన్ను పిలిచి, "నువ్వు పోయి సూసి రా కోడలా. మీ అత్త ఎంటుండి నేర్చుకునే ఉంటవ్‌," అంది. పిట్టను తిట్టినవాళ్లే మళ్లీ పిట్టను అడగబోతున్నారు. ఏం చేస్తారు పాపం, తిట్టడానికైనా ముందు ఒక మాట ఉండాలి కదా.

పోయాను. గుడ్లు ఎక్కడున్నాయో రెండు నిమిషాల్లో చూశాను. వెనక్కి వచ్చి, "కనబడతలేవు," అన్నాను.

మరునాడు కూడా కనబడలేదు. మూడో రోజు కూడా కనబడలేదు. ఆడవాళ్లు గుసగుసలు పెట్టారు. నేను పుట్టిలో ఒడ్డుకు దాటి, ఇంటికి పోయి, అత్త ముందు కూర్చుని, "అత్తా, గీ ఏడు తీతువ గుడ్లే పెట్టలేదు," అన్నాను.

"పెట్టకపోవుడేంది?"

"లేవత్తా. తిప్పంత దేవులాడిన."

"పిట్టలు తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయ్‌, మొత్తుకుంటున్నయ్‌."

"మొత్తుకుంటుంటే గుడ్లు ఉన్నట్టే గదనే!" అని అత్త చాట పక్కన పడేసి లేచింది. "నడువు. గాడిదంత పెరిగినవ్‌, గుడ్లు దొరుకలేదంట గుడ్లు!"

పుట్టిలో కూర్చున్నంత సేపూ నన్ను తిడుతూనే ఉంది. ఏడాదిగా ఎండిపోయిన నా చెవులు చల్లబడ్డాయి.

తిప్ప ఎక్కాక కావాలనే ఆమెను తప్పు దిక్కుకు తీసుకుపోయాను. పది అడుగులు వేయగానే తీతువ మా ముందు వాలి, ఒక రెక్క నేలకు ఈడుస్తూ కుంటడం మొదలుపెట్టింది. అత్త టక్కున ఆగిపోయింది.

"అగ్గో, రెక్క ఇరిగినట్టు ఏషాలేస్తున్నది. అది ఎటు తీస్కపోతే గుడ్లు అటు ఉండయ్‌. ఎనుకకు మర్రు."

వెనక్కి తిరిగి నేరుగా ఎత్తు మీదికి నడిచింది. ఒక్కచోట కూడా తడబడలేదు. తిప్ప నెత్తి మీద గులకరాళ్లలో కలిసిపోయి ఉన్న నాలుగు గుడ్ల ముందు ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ముంగటనే ఉన్నయ్‌. మూడొద్దులు నీకు కనబడలేదా?"

అత్త గుడ్లను చూసింది. అక్కడి నుంచి నీటి దాకా దిగే ఇసుకను చూసింది. తర్వాత నా ముఖాన్ని చాలాసేపు చూసింది.

"పోయినేడు గూడ గిట్లనే నెత్తి మీద పెట్టిందా?"

"అవునత్తా."

"ఎన్నొద్దులు జరిపినవ్‌?"

"పన్నెండు."

"అది ఇడిసిపోలేదా?"

"లేదు. నన్ను తిట్టుకుంట ఎంట వచ్చింది."

మొట్టింది చూడండి! వేళ్ల కణుపులన్నీ బిగించి నడినెత్తిన మొట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి.

"ఏడాది పొడుగున నా కండ్లు పోయినయని ఏడిసిన గదనే!" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని ఇంకో మొట్టికాయ వేసింది. నేను కూడా ఏడ్చాను, కొంత నొప్పికి, ఎక్కువ సంతోషానికి.

తర్వాత అత్త చిటికెడు పసుపు తీసి గుడ్ల వైపు చల్లి, గుడిసెల దిక్కు తిరిగి, తిప్ప మొత్తం వినబడేట్టు కేకేసింది.

"నెత్తి మీద పెట్టిందే! నీళ్లు జల్దిన వస్తయ్‌! పున్నమికల్ల మూటలు కట్టుకోవాలె!"

కింద పాదుల్లో నడుములు వంచి ఉన్న ఆడవాళ్లంతా తలలెత్తారు. చిన్నత్త మా అత్తను ఎగాదిగా చూసి, ఏదో అనబోయి ఆగిపోయి, "సరే అక్కా," అని కాయలు కోయడానికి గంప అందుకుంది.